నగిషీ గీతలు ఎటు పోయాయి?

పిల్లలూ! జనగామ పట్టణం పక్కనే, హైదరాబాదు నుండి వరంగల్లు పోయే రహదారి మీద పెంబర్తి అనే ఊరు ఉంది. ఇత్తడి రేకుల మీద నగిషీ పనికి ఆ ఊరు పెట్టింది పేరు. కాకతీయుల కాలం నుండి వస్తున్న పని అని పెద్దలు చెబుతారు. రేకును లక్క మీద పరచి, చిన్న చిన్న ఉలులతో, సుత్తితో కొట్టి నెమళ్లను, లతలను, దేవతల బొమ్మలను పైకి లేపుతారు. గుడి తలుపులకు, ధ్వజస్తంభాలకు తొడిగే రేకులు అక్కడ తయారవుతాయి.

నిరుడు మా పాఠశాల తొమ్మిదో తరగతి పిల్లలు కొందరు పెంబర్తి వెళ్లి, ఒక ముసలి పనివాని పక్కన కూర్చుని, ఆయన పనిని సెల్‌ఫోన్లతో వీడియో తీశారు. ఆయన అప్పుడు ఒక గుడి తలుపు రేకు మీద నెమలిని తీరుస్తున్నారు. తీసిన ముక్కలను కంప్యూటరులో కూర్చి పది నిమిషాల చిత్రం తయారు చేశారు. వార్షికోత్సవం నాడు ప్రొజెక్టరు పెట్టి తెర మీద చూపించారు. ఆ పెద్దాయనను కూడా పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టారు.

చిత్రం నడుస్తున్నది. నెమలి వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దాయన మాత్రం లేచి తెర దగ్గరికి వెళ్లి, చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని చూశారు. వెనుదిరిగి, "నెమలి ఉన్నది గని, ఈకల మీది గీతలు ఏడబోయినయి బిడ్డా?" అని అడిగారు.

నిజమే. ఆయన మూడు రోజులు కూర్చుని కొట్టిన సన్నని గీతలు తెర మీద ఒక్కటీ లేవు. ఈక ఉండవలసిన చోట పసుపు పూసినట్లు ఒక మరక ఉంది. సుత్తి ఆడిన చోట బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోయింది.

తప్పు ఫోనుదేమో అనుకున్నాం. ఒక అమ్మాయి ఫోనులో అసలు ముక్క ఇంకా ఉంటే తెరిచి చూశాం. అందులో గీతలు చక్కగా ఉన్నాయి! అంటే ఫోను వాటిని పట్టుకుంది. చిత్రం కూర్చేటప్పుడు కూడా కంప్యూటరు తెర మీద అవి కనిపించాయి. చిట్టచివర ఒక మీట నొక్కాం చూడండి, అక్కడ పోయాయి. ఆ మీట పేరు ఎక్స్‌పోర్ట్. ఆ మీట నొక్కే ముందు నింపవలసిన గడులు కొన్ని ఉంటాయి. వాటిలో ఏం రాస్తే ఏం జరుగుతుందో ఈ నెల తెలుసుకుందాం.

ఎక్స్‌పోర్ట్ అంటే ఏమిటి?

వీడియోలు కూర్చే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. కెడెన్‌లైవ్, షాట్‌కట్, ఓపెన్‌షాట్ వంటివి ఉచితంగానే దొరుకుతాయి. వాటిలో మనం ముక్కలను కత్తిరిస్తాం, అతుకుతాం, మాటలు చేరుస్తాం. ఇంత చేసినా ఫోనులో తీసిన అసలు ముక్కలను సాఫ్ట్‌వేర్ తాకనైనా తాకదు. "మూడో ముక్కలో 12వ సెకను నుండి 20వ సెకను వరకు; తరువాత ఒకటో ముక్కలో మొదటి 5 సెకన్లు" అని ఒక చీటీ రాసి పెట్టుకుంటుంది. అంతే. పెళ్లి వంటల జాబితా రాసుకున్నంత మాత్రాన వంట అయిపోదు కదా!

ఎక్స్‌పోర్ట్ నొక్కినప్పుడే అసలు వంట. చీటీ ప్రకారం ఒక్కొక్క బొమ్మనూ అసలు ముక్కలలో నుండి తీసి, వరుసగా పేర్చి, కుదించి, ఒకే ఫైలుగా రాస్తుంది. ఇందులో "కుదించి" అనే మాట దగ్గరే మన కథంతా ఉంది.

ఎందుకు కుదించాలి? ఒక లెక్క వేద్దాం

పూర్తి హై డెఫినిషన్ బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. ఈ చుక్కనే పిక్సెల్ అంటారు. గుణించి చూడండి: మొత్తం 20,73,600 చుక్కలు. ప్రతి చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగుల పాళ్లు రాయాలి. ఒక్కొక్క రంగుకు 8 బిట్ల చొప్పున చుక్కకు 24 బిట్లు, అంటే 3 బైట్లు. ఒక బొమ్మకు 62,20,800 బైట్లు.

వీడియో అంటే ఇలాంటి బొమ్మలు సెకనుకు 30. వీటినే ఫ్రేములు అంటారు. సెకనుకు 18 కోట్ల 66 లక్షల బైట్లు అయ్యాయి. పది నిమిషాలకు, అంటే 600 సెకన్లకు, సుమారు 112 గిగాబైట్లు! ఒక్క చిత్రానికే చాలా ఫోన్లు నిండిపోతాయి. కుదించకుండా పని జరగదు.

మరి మా పిల్లలు తయారు చేసిన ఫైలు ఎంతో తెలుసా? 112 మెగాబైట్లు. గిగా అంటే వెయ్యి మెగాలు. అంటే వెయ్యి పాళ్లలో ఒక్క పాలు మిగిలింది. 999 పాళ్లు పోయాయి! పెద్దాయన గీతలు ఆ 999 పాళ్లతో పాటు పోయాయి.

వడ్లు, బియ్యం, తవుడు

ఈ కుదింపును అర్థం చేసుకోవడానికి ఊరి రైసు మిల్లు దాకా వెళ్దాం. వంద కిలోల వడ్లు మర పట్టిస్తే ప్రభుత్వ లెక్క ప్రకారం 67 కిలోల బియ్యం రావాలి. మిగతాది ఊక, తవుడు. ఊక పోతే మనకు నష్టం లేదు. ఎవరూ తినరు గనుక. కాని బియ్యం మల్లెపూవులా ఉండాలని మరీ పాలిష్ పట్టిస్తే తవుడుతో పాటు బి1 విటమిను కూడా పోతుంది. ఒకసారి పోయిన తవుడును తిరిగి గింజకు అతికించే యంత్రం లోకంలో లేదు.

వీడియో కుదింపు సరిగ్గా ఇలాంటిదే. ముందుగా ఫోను తనంతట తానే కొంత కుదిస్తుంది. దాన్ని కళ్లంలో తూర్పారబట్టడం అనుకోండి. తాలు పోయింది, గింజ మిగిలింది. ఎక్స్‌పోర్ట్ చేయడం మర పట్టించడం. ఎంత పాలిష్ పట్టాలో చెప్పేవారు మీరే. ఇక, మరలో మూడు పనులు జరుగుతాయి.

మొదటి పని: రంగు పొదుపు. మన కన్ను వెలుగు నీడల తేడాను చాలా సన్నగా పట్టుకుంటుంది. రంగుల తేడాను అంత సన్నగా పట్టుకోలేదు. అందువల్ల నాలుగు చుక్కలకు వెలుగును విడివిడిగా రాసి, రంగును మాత్రం నలుగురికీ కలిపి ఒకసారి రాస్తారు. లెక్క చూడండి: వెలుగుకు 8 బిట్ల చొప్పున 32, రంగుకు రెండు అంకెలు 16, మొత్తం 48. నాలుగు చుక్కలకు పంచితే చుక్కకు 12 బిట్లు. 24 నుండి 12కు దిగాం. బరువు సగమైంది, కన్నుకు తెలియలేదు. ఇది ఊక.

రెండో పని: మారనిదాన్ని మళ్లీ రాయకపోవడం. పెద్దాయన వెనుక సున్నం వేసిన గోడ ఉంది. ఒక ఫ్రేముకూ తరువాతి ఫ్రేముకూ గోడ మారదు. "గోడ ఇందాకటిలాగే" అని ఒక్క మాట రాస్తే చాలు. చేయి కొంచెం జరిగితే "ఈ గడి మూడు చుక్కలు కుడికి జరిగింది" అని రాస్తే చాలు. కొన్ని సెకన్లకొకసారి మాత్రం ఒక బొమ్మను పూర్తిగా రాస్తారు. దాన్ని కీ ఫ్రేము అంటారు.

మూడో పని: సన్నని వివరాలను వదిలేయడం. మనకు చిక్కు తెచ్చింది ఇదే. దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం.

నాలుగు పుటల వ్యాసం

1974 జనవరిలో అమెరికాలో ఒక శాస్త్ర పత్రికలో ఒక వ్యాసం వెలువడింది. నిడివి నాలుగు పుటలు. రాసినవారు ముగ్గురు: నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. అహ్మద్ గారు బెంగుళూరులో పుట్టినవారు. నటరాజన్ ఆయన శిష్యుడు. రావు గారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. చూశారా, మనకు ఎంత దగ్గరి పేరో! ఆయన మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, అమెరికా వెళ్లి, ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు పాఠం చెప్పారు. 2021లో మరణించారు.

అంతకు ముందు 1972లో ఈ ఆలోచన మీద పని చేయడానికి అహ్మద్ గారు ధనసహాయం కోరితే, ఇది మరీ తేలికగా ఉందని నిరాకరించారట. ఆ సంగతి ఆయనే తరువాత రాసుకున్నారు. ఆ తేలిక ఆలోచనే ఈ రోజు ప్రపంచంలోని ఫోటోలు, వీడియోలలో అత్యధిక భాగాన్ని మోస్తున్నది. దాని పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. పేరు చూసి భయపడకండి. సంగతి ఇది:

బొమ్మను చిన్న చిన్న గళ్లుగా కోస్తారు. ఒక గడిలోని వెలుగును చుక్క చుక్కగా రాయకుండా, కొన్ని అలల మొత్తంగా రాస్తారు. చెరువులో పెద్ద అల మీద చిన్న అల, దాని మీద ఇంకా సన్నని అల ఉన్నట్లే, ఇక్కడా నిదానమైన అల నుండి అతి సన్నని అల వరకు ఉంటాయి. ఏ అల ఎంత ఎత్తు అనేది ఒక అంకె. సున్నపు గోడ ఉన్న గడికి మొదటి ఒకటి రెండు అంకెలతో పని తీరిపోతుంది. నగిషీ గీతలున్న గడికి సన్నని అలలన్నీ కావాలి.

ఇప్పుడు కుదింపు. ఒక గడి అంకెలు 120, 37, 8, 3 అనుకుందాం. అన్నిటినీ 10తో భాగించి దగ్గరి పూర్ణాంకానికి సరిచేస్తే 12, 4, 1, 0 వస్తాయి. చూసేటప్పుడు మళ్లీ 10తో గుణిస్తారు: 120, 40, 10, 0. అసలుకు దగ్గరగానే ఉంది. అదే 40తో భాగిస్తే? 3, 1, 0, 0. తిరిగి గుణిస్తే 120, 40, 0, 0. ఆ 8 సున్నా అయిపోయింది. సున్నాను ఎంతతో గుణించినా సున్నాయే!

పిల్లలూ, పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. ఆ 8 ఒక నెమలి ఈక మీది గీత. దాన్ని ఎవరూ చెరిపేయలేదు. ఒక భాగహారంలో శేషంగా పోయింది.

మరి 10తో భాగించాలా, 40తో భాగించాలా అని ఎవరు నిర్ణయిస్తారు? మీరు బిట్ రేటు అనే గడిలో రాసిన అంకె నిర్ణయిస్తుంది. చోటు తక్కువ ఇస్తే పెద్ద అంకెతో భాగించక తప్పదు.

ఏ గడిలో ఏం నింపాలి?

ఒకటి: ఫైలు రకం, కోడెక్. ఎంపీ4 అనేది సంచి. సంచిలో సరుకును కుదించి నింపే పద్ధతి కోడెక్. 2003లో వచ్చిన హెచ్.264 అనే పద్ధతిని ఫోన్లు, టీవీలు, పాత కంప్యూటర్లు దాదాపు అన్నీ అర్థం చేసుకుంటాయి. 2013లో వచ్చిన హెచ్.265 సుమారు సగం చోటులోనే అదే నాణ్యత ఇస్తుంది. కాని పాత యంత్రాలలో నడవకపోవచ్చు. పదిమందికి చూపాలంటే ఎంపీ4 సంచి, హెచ్.264 పద్ధతి క్షేమం.

రెండు: బొమ్మ కొలత. దీన్నే రిజల్యూషన్ అంటారు. ఫోనులో ఏ కొలతలో తీశారో అదే ఇవ్వండి. 1920 × 1080లో తీసి 1280 × 720లో ఎక్స్‌పోర్ట్ చేస్తే 20,73,600 చుక్కలలో 9,21,600 మాత్రమే మిగులుతాయి. సగానికన్నా ఎక్కువ అక్కడే పోయాయి. మా పిల్లలు చేసిన మొదటి పొరపాటు ఇదే. పోనీ అని పెద్ద కొలత ఇస్తే? 1080లో తీసినదాన్ని 4కె అని రాసినంత మాత్రాన లేని గీతలు పుట్టుకు రావు. నీళ్లు కలిపితే చెంబు నిండుతుంది, పాలు పెరగవు.

ఇక్కడ ఇంకొక సంగతి. ఫోనును నిలువుగా పట్టుకుని తీసి, అడ్డ తెరకు ఎక్స్‌పోర్ట్ చేస్తే బొమ్మకు రెండు పక్కలా నల్లని పట్టీలు వస్తాయి. 1080 ఎత్తులో ఇమడాలంటే నిలువు బొమ్మ వెడల్పు సుమారు 608 చుక్కలే. 1920లో మూడో వంతు కూడా లేదు! ప్రొజెక్టరు మీద చూపే చిత్రమైతే ఫోనును అడ్డంగా పట్టుకోండి.

మూడు: ఫ్రేముల వేగం. సాఫ్ట్‌వేర్‌లో 24, 25, 30, 60 అని అంకెలు కనిపిస్తాయి. సినిమాకు 24. మన దేశపు టీవీకి 25. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది గనుక దానిలో సగం తీసుకున్నారు. ఫోన్లు ఎక్కువగా 30 లేదా 60 తీస్తాయి. ఇక్కడా సూత్రం ఒకటే: తీసినదే ఇవ్వండి. 30లో తీసి 25 ఇస్తే ప్రతి ఆరు ఫ్రేములలో ఒకటి పోతుంది. మా చిత్రంలో సుత్తి చేయి సెకనుకు ఐదుసార్లు గతుకుల దారిలో బండిలా ఎగిరింది. కారణం ఇదే. ఫైలు వివరాలలో 29.8 వంటి వింత అంకె కనిపిస్తే కంగారు పడవద్దు. వెలుతురును బట్టి కొన్ని ఫోన్లు వేగం కొంచెం మార్చుకుంటాయి. 30 ఇవ్వండి.

నాలుగు: బిట్ రేటు. సెకనుకు ఎన్ని బిట్లు ఖర్చు పెట్టవచ్చు అనే అనుమతి ఇది. మెగాబిట్లలో చెబుతారు, ఒక మెగాబిట్ అంటే పది లక్షల బిట్లు. ఫైలు ఎంత అవుతుందో ముందే లెక్క కట్టవచ్చు: బిట్ రేటును సెకన్లతో గుణించి 8తో భాగించండి, మెగాబైట్లు వస్తాయి. మా పిల్లలు 1.5 రాశారు. 1.5 × 600 ÷ 8 = 112.5 మెగాబైట్లు. "చిన్న ఫైలైతే అందరి ఫోన్లకూ పంపవచ్చు" అని ఆ అంకె చెప్పింది నేనే. తప్పు పిల్లలది కాదు.

మరి ఎంత ఉండాలి? యూట్యూబ్ వారు 1080 బొమ్మకు, సెకనుకు 24 నుండి 30 ఫ్రేములకు 8 మెగాబిట్లు ఇవ్వమని సలహా చెబుతారు; 48 నుండి 60 ఫ్రేములకు 12. చాలా ఫోన్లు 1080 బొమ్మను 30 ఫ్రేములలో తీసేటప్పుడు 15 నుండి 20 దాకా ఖర్చు పెడతాయి. కాని ఒకే అంకె అన్ని చిత్రాలకూ సరిపోదు. నల్లబల్ల ముందు నిలబడి మాట్లాడే ఉపాధ్యాయునికి 4 చాలు; బల్ల కదలదు, గోడ కదలదు. సద్దుల బతుకమ్మ నాటి వీడియో తీశారనుకోండి. గునుగు, తంగేడు, బంతి, ఎన్ని వేల రేకులు! అవి చాలవన్నట్లు, చుట్టూ తిరుగుతున్న చీరల అంచులు, చప్పట్లు. ఏ గడీ ఇందాకటిలా ఉండదు. "ఇందాకటిలాగే" అనే మాట అక్కడ చెల్లదు. దానికి 8 కూడా చాలకపోవచ్చు. పెంబర్తి నగిషీ కూడా ఈ కోవలోదే. ఇత్తడి కదిలినప్పుడల్లా మెరుపు కూడా కదులుతుంది.

అన్నం వడ్డించే పద్ధతి

బిట్ రేటు పక్కనే స్థిరం, మార్పుగలది అని రెండు రకాలు కనిపిస్తాయి. వీటిని సీబీఆర్, వీబీఆర్ అంటారు. మధ్యాహ్న భోజన పథకంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 100 గ్రాముల బియ్యం, ప్రాథమికోన్నత తరగతుల వారికి 150 గ్రాములు లెక్క కడతారు. ఎవరికి ఎంత ఆకలి ఉంటుందో అంత. ఒకటో తరగతి పాపకూ, ఎనిమిదో తరగతి పిల్లవానికీ ఒకే కొలత వడ్డిస్తే ఒకచోట అన్నం మిగిలిపోతుంది, ఒకచోట కడుపు నిండదు. సీబీఆర్ అలాంటిది. వీబీఆర్ ఆకలిని బట్టి వడ్డిస్తుంది: గోడకు తక్కువ, నెమలి ఈకకు ఎక్కువ.

"రెండు పాస్‌లు" అనే గడి ఉంటే దానికి గుర్తు పెట్టండి. మొదటిసారి చిత్రమంతా చూసి ఎవరికి ఎంత ఆకలో రాసుకుంటుంది. రెండోసారి వడ్డిస్తుంది. సమయం దాదాపు రెట్టింపు పడుతుంది. తొందర లేనివారికి నష్టం లేదు.

కొన్ని సాఫ్ట్‌వేర్లలో బిట్ రేటు బదులు నాణ్యత అంకె అడుగుతారు. హెచ్.264కు అది 0 నుండి 51 వరకు ఉంటుంది. చిన్న అంకె అంటే నాణ్యత ఎక్కువ. దీన్ని చూసి చాలామంది తికమక పడతారు. 23 మామూలు. సన్నని పని ఉన్న చిత్రానికి 18 ఇవ్వండి. ఫైలు ఎంత అవుతుందో మాత్రం ముందే చెప్పలేరు.

ఐదు: శబ్దం. ఏఏసీ పద్ధతి, సెకనుకు 48,000 నమూనాలు, 192 కిలోబిట్లు. పది నిమిషాలకు దీని బరువు 14.4 మెగాబైట్లే. ఇక్కడ పొదుపు చేసి లాభం లేదు. ఉలి మీద సుత్తి పడే చప్పుడు కూడా ఆ పనిలో భాగమే కదా!

పెన్ డ్రైవులో వేసి తీసుకెళ్లేవారికి ఒక హెచ్చరిక. ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో సిద్ధం చేసిన పెన్ డ్రైవు 4 గిగాబైట్లకు మించిన ఒక్క ఫైలును తీసుకోదు, ఎంత ఖాళీ ఉన్నా సరే. 16 మెగాబిట్ల చొప్పున సుమారు 35 నిమిషాలకే ఆ హద్దు వచ్చేస్తుంది.

బియ్యాన్ని మళ్లీ మర పట్టిస్తే

ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలును తిరిగి తెరిచి, కొంచెం కత్తిరించి, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే ఏమవుతుంది? బియ్యాన్ని మళ్లీ మర పట్టించినట్లే. ఈసారి వచ్చేది నూక. వాట్సాప్‌లో వీడియోగా పంపినప్పుడు కూడా ఇంకొకసారి కుదింపు జరుగుతుంది. డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్లు వెళ్తుంది. చేతులు మారిన వీడియో మసకబారడానికి కారణం ఇదే. మార్పు చేయాలనుకుంటే అసలు ముక్కలు, సాఫ్ట్‌వేర్ రాసుకున్న చీటీ తెరిచి చేయండి; తయారైన ఫైలును కాదు.

మళ్లీ పెంబర్తికి

ఇంత తెలుసుకున్నాక మా పిల్లలు ఉత్సాహంగా "మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేద్దాం సార్" అన్నారు. సాఫ్ట్‌వేర్ తెరిస్తే చీటీ ఉంది, ముక్కలు లేవు. చిత్రం తయారైంది కదా అని ఫోన్లలో, కంప్యూటరులో చోటు కోసం అసలు ముక్కలను తుడిచేశారు! మళ్లీ తీద్దామంటే ఆ రేకు అప్పటికే గుడి తలుపు మీదికి ఎక్కింది. నెమలి కనిపిస్తుంది. కాని ఉలి కదులుతూ ఒక్కొక్క గీత పుట్టడం ఇక కనిపించదు.

ఆ అమ్మాయి ఫోనులో మిగిలిన ముక్కలు వెదికితే ఏడు దొరికాయి. మొత్తం మూడు నిమిషాలు. మొదట ఒక నిమిషం ముక్కను నాలుగు విధాలుగా ఎక్స్‌పోర్ట్ చేసి ప్రొజెక్టరు మీద పోల్చి చూశాం. 1.5లో గీతలు లేవు. 4లో చేయి ఆగినప్పుడు కనిపించి, కదిలినప్పుడు మాయమయ్యాయి. 8లో దాదాపు అన్నీ ఉన్నాయి, సుత్తి చుట్టూ మాత్రం కొంచెం మసక. 16కూ అసలుకూ తేడా కనిపెట్టలేకపోయాం. 16 ఖాయం చేశాం. మూడు నిమిషాల చిత్రం 360 మెగాబైట్లు అయింది.

పిల్లలు దాన్ని పెంబర్తి తీసుకెళ్లి పెద్దాయన ఇంట్లో చూపించారు. ఆయన కళ్లజోడు సర్దుకుని, తెర మీద వేలు పెట్టి ఒక ఈక వెంట నెమ్మదిగా గీశారు. "ఇగో, ఇది నేను కొట్టిందే" అన్నారు. తరువాత, "ఇంక మిగిలింది లేదా?" అని అడిగారు. లేదని చెప్పడానికి పిల్లలకు నోరు రాలేదు.

మీరే చేసి చూడండి

కావలసినవి: ఫోను, కంప్యూటరు, ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి.

ముందుగా 30 సెకన్ల వీడియోలు రెండు తీయండి. ఒకటి, ఖాళీ గోడ ముందు కూర్చున్న మీ స్నేహితుడు. రెండు, గాలికి ఊగుతున్న చెట్టు ఆకులు. రెండింటినీ 1080 కొలతలో, 30 ఫ్రేములతో, 2 మెగాబిట్ల చొప్పున ఎక్స్‌పోర్ట్ చేయండి. రెండు ఫైళ్లూ సుమారు 7.5 మెగాబైట్లే వస్తాయి. పక్కపక్కన పెట్టి చూడండి. దేనిలో గళ్లు కనిపించాయి? ఎందుకు?

తరువాత నాణ్యత అంకె ఉన్న సాఫ్ట్‌వేర్‌లో రెండింటికీ 20 ఇచ్చి ఎక్స్‌పోర్ట్ చేయండి. ఈసారి నాణ్యత సమానంగా ఉంటుంది, ఫైళ్ల బరువులు వేరవుతాయి. ఏది ఎన్ని రెట్లు పెద్దదో నోటు పుస్తకంలో రాసుకోండి. ఆకులకు గోడకన్నా ఎంత ఆకలో మీకే తెలుస్తుంది.

చివరగా ఒక మాట. మీ ఇంట్లో అమ్మమ్మ పాడే పాట, తాత అల్లే బుట్ట, ఊరి కుమ్మరి సారె మీద లేచే కుండ, ఏదైనా తీశారనుకోండి. ఎక్స్‌పోర్ట్ గడులు ఎంత జాగ్రత్తగా నింపినా ఒకనాడు పొరపాటు జరగవచ్చు. దానికి మందు ఒకటే ఉంది. రైతు ఇంట్లో ఎంత కరువు వచ్చినా విత్తనపు వడ్లను మర పట్టించరు. అసలు ముక్కలు మీ విత్తనపు వడ్లు. వాటిని రెండు చోట్ల దాచి ఉంచండి. ఆ తరువాతే ఎక్స్‌పోర్ట్ మీట మీద వేలు పెట్టండి.